పుర్రచేతి ముడి

చచ్చిన తాబేలును రెండోసారి లెక్కపెట్టకుండా ఉండాలంటే దాని వీపు మీద పసుపు రంగుతో గీత గీయాలి. గీత జానెడు ఉండాలి. మెడ దగ్గర మొదలై తోక వైపు పోవాలి. రంగు ఆరేదాకా మనిషి అక్కడే నిలబడాలి. ఈ నియమాలన్నీ పెట్టింది అటవీశాఖ ఆఫీసు. పదకొండేళ్లుగా గీస్తున్నది ఆమె. అలాంటిది, ఆమె ఒకే తాబేలును రెండేసి సార్లు రాస్తోందని బోటు ఓనర్ల సంఘం అర్జీ పెట్టిందని మంగళవారం ఆఫీసరు చెప్పినప్పుడు ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. ఈయన కాస్త కూర్చోమంటే బాగుండు అనుకుంది.

ఆ పూట అప్పటికే ఆమె పద్నాలుగు కిలోమీటర్లు నడిచింది. ఏడు పోను, ఏడు రాను. వెలుగు రాకముందే బయల్దేరి, రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన తాబేళ్ల జాడలు వెతకడం, గూడు కనిపిస్తే దాని మీద ఇనుప జల్లెడ బోర్లించి నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టడం, గుడ్ల దొంగలకు దారి తెలియకుండా ఆ జాడలను చెక్కతో చెరిపేయడం ఆమె పని. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటిని కొలిచి, రాసి, గీత గీయడం కూడా ఆమె పనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిది రోజూ ఉండేది, రెండోది ఎప్పుడో ఒకసారి. ఇప్పుడు రెండోది కూడా రోజూ ఉంటోంది. తీరంలో అందరూ ఆమెను తాబేలక్క అంటారు. మెల్లగా నడుస్తుంది కాబట్టి ఆ పేరు అని నవ్వుతారు కూడా. పద్నాలుగు కిలోమీటర్లు ఇసుకలో వాళ్లను నడవమనాలి.

ఆఫీసరు ఆమె పుస్తకం తెరిచి ముందు పెట్టుకున్నాడు. ఈ నెల యాభై మూడు. తేదీ, చోటు, పొడవు, ఆడా మగా, చావుకు కారణం. చివరి గడిలో నలభై ఆరు చోట్ల ఆమె 'వల' అని రాసింది. ఆ నలభై ఆరింటి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

“వలలో చచ్చిందని మీకెలా తెలుసమ్మా?” అని అడిగాడు.

ఆమె చెప్పింది. ఒంటి మీద గాయం ఉండదు, ముక్కులో నురగ ఉంటుంది, కళ్లు ఉబ్బి ఉంటాయి. తాబేలు చేప కాదు, మనలాగే ఊపిరి కోసం పైకి రావాలి, వలలో పడితే రాలేక చస్తుంది. బోట్లు దొంగచాటుగా ఒడ్డుకు దగ్గరగా తిరిగిన మర్నాడే ఇవి కొట్టుకొస్తాయి. అదంతా ఊహ కిందికి వస్తుందన్నాడు ఆయన. తాబేలు వచ్చి సాక్ష్యం చెప్పదు కదా అని నవ్వబోయి, ఆమె నవ్వకపోవడంతో మానుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో మనుషులు ఏడాదికొకరు చొప్పున మారుతుంటారు. ఈయన కూడా బదిలీ కాగితం కోసం ఎదురుచూస్తున్నవాడే, వచ్చేలోగా గొడవ లేకుండా గడిస్తే చాలనుకునేవాడే.

ఆయన చెప్పిన అసలు సంగతి ఇది. శుక్రవారం నెల నివేదిక పైకి పోవాలి. ఆధారం లేదు కనుక ఆ నలభై ఆరు గడుల్లోనూ 'కారణం తెలియదు' అని మార్చి ఆమె సంతకం పెట్టాలి. అది పడితే, తీరానికి ఎనిమిది కిలోమీటర్ల లోపు బోట్లు వల దించకూడదన్న నిషేధాన్ని సోమవారం ఎత్తేస్తారు. గుడ్ల కాలం ఇంకా రెండు నెలలుంది. నిషేధం ఉండగానే యాభై మూడు. ఎత్తేశాక ఎన్నో లెక్కపెట్టడానికి ఆమె దగ్గరున్న రంగు డబ్బా చాలదు.

“ఒక్క ఆధారం తెచ్చివ్వండి. ఒక్కటి చాలు. అప్పుడు నేనూ ఒక మాట రాయగలను,” అన్నాడు ఆఫీసరు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని ఆమెకు అనిపించింది. అందుకే ఇంకా నీరసం వచ్చింది. అబద్ధం ఆడే మనిషైతే తిట్టుకుంటూ ఇంటికి పోవచ్చు.

బుధవారం మూడు గూళ్లు దొరికాయి. మూడో గూటికి జల్లెడ చాలక, తాత్కాలికంగా ముళ్లకంప కప్పి గుర్తు రాసుకుంది. నాలుగో కిలోమీటరు రాయి దాటాక, అలలు తాకి వెనక్కిపోయే చోట ఒక పెద్ద ఆడ తాబేలు పడి ఉంది. నిన్న లేదు. ఆమె సంచి దించి, టేపు తీసి, వంగి కొలిచింది. వంగినప్పుడు నడుము దగ్గర ఎప్పుడూ పట్టేసే చోటే పట్టేసింది. వెనక రెక్క పక్కన మెత్తటి చోట నొక్కి చూస్తే గుండ్రంగా గుడ్లు తగిలాయి. గుడ్లు పెట్టడానికే వస్తూ చచ్చింది.

ఎడమ ముందు రెక్కకు ఏదో చుట్టుకుని ఉంది. నాచు అనుకుంది. కాదు, వల ముక్క. రెండు జానల పచ్చ వల, దాని అంచుకు నల్లటి మందపాటి పట్టీ. పట్టీని, వలను కలుపుతూ తెల్ల దారంతో వేసిన మూడు కుట్లు. రెండో కుట్టుకూ మూడో కుట్టుకూ మధ్య ఉన్న సందులోంచి రెక్క భుజం దాకా దూరిపోయి, వెనక్కి రాలేక అక్కడే బిగుసుకుపోయింది. చుట్టూ వలను కత్తితో కోసిన ఆనవాళ్లున్నాయి. పైకి లాగాక, రెక్క విడిపించడం ఎందుకని ముక్కతో సహా కోసి నీళ్లలో పారేశారు.

ఆధారం. ఒక్కటి చాలన్నాడు, ఇదిగో ఒక్కటి. ఇది మామూలు వల ముక్క కూడా కాదు, కిటికీ ముక్క. ప్రతి బోటు వలలోనూ ఇనుప కడ్డీల చట్రం ఒకటి ఉండాలి. తాబేలు ఆ కడ్డీలకు తగిలి, పైకి జారి, అక్కడున్న తలుపులాంటి సందులోంచి బయటపడాలి. ఆ సందునే అందరూ కిటికీ అంటారు. దాంట్లోంచి కొంత రొయ్య కూడా పోతుంది కాబట్టి ఓనర్లు దాన్ని కుట్టించేస్తారు. తనిఖీ రోజు పొద్దున కుట్లు విప్పిస్తారు, మర్నాడు మళ్లీ వేయిస్తారు. తీరంలో ఇది తెలియని మనిషి లేడు. రుజువు చేసిన మనిషీ లేడు.

కత్తెర తీసి ముక్కను జాగ్రత్తగా విడదీస్తున్నప్పుడు ఆమె ముళ్లను చూసింది. చూసి, తడి ఇసుకలో అలాగే చతికిలబడింది.

వలలు కుట్టే మేస్త్రీలందరి ముడీ కుడివైపుకు వాలుతుంది. చెయ్యి అలా తిరుగుతుంది కాబట్టి అలా వాలుతుంది. ఈ మూడు ముళ్లూ ఎడమకు వాలి ఉన్నాయి. బోట్ల యార్డులో నలభై మంది మేస్త్రీలుంటే పుర్రచేతివాటం మనిషి ఒక్కడే. ఆ మనిషి ఆమె అన్న. ఆమె చిరిగిన చెప్పు, దోమతెర, దుప్పటి అంచు, ఇంట్లో ఏది తెగినా ఆ ముడే. గుడ్డిగా చేత్తో తడిమినా చెప్పగలదు.

కిటికీలు కుడతారని ఆమెకు తెలుసు. ఎవరు కుడతారని పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే జవాబు చెప్తారని భయం. ఇప్పుడు ఎవరినీ అడగకుండానే జవాబు చేతిలోకొచ్చింది.

తాబేలు వీపు మీద రంగు ఆరేదాకా కూర్చుంది. ఆరాక పుస్తకం తీసి తేదీ, చోటు, పొడవు, ఆడ అని రాసింది. చివరి గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. 'తెలియదు' అని రాసింది. వల ముక్కను కాగితంలో చుట్టి సంచి అడుగున, రంగు డబ్బా కింద దోపింది. సంచి భుజాన వేసుకోబోతే పట్టీ తెగింది. దాన్ని చంకన పెట్టుకుని మూడు కిలోమీటర్లు ముందుకు నడిచి, ఏడు వెనక్కి నడిచింది.

ఇంటికి దారి యార్డులోంచే. అన్న ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. వలను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, ఎడమ చేత్తో దారం చుట్టిన కండె తిప్పుతున్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లజోడు ముక్కు చివరకు జారినా ఎగదోసుకోడు, చెయ్యి ఖాళీ ఉండదు. కండె లోపలికి పోవడం, వేలు మీదుగా దారం తిరగడం, బిగియడం, ఇవి ఆమె చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. ఆ రోజు మొదటిసారి చూడలేకపోయింది.

నీలం బోటు ఓనరు అటుగా వస్తూ ఆగాడు. ఓనర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. రొయ్యలు ఏరే షెడ్డు కూడా ఆయనదే, వదిన అందులోనే పని చేస్తుంది. ఈరోజు ఎన్ని, ఒక్కోదాన్ని ఎన్నిసార్లు లెక్కపెట్టావు తాబేలక్కా అని నవ్వుతూ అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకటే అంది ఆమె. అన్న తలెత్తలేదు. పుర్రచెయ్యి మేస్త్రీ, నీ చెల్లెలికి కళ్లజోడు కొనిపెట్టు అని అన్న భుజం తట్టి వెళ్లిపోయాడు. అన్న అప్పుడు కూడా తలెత్తలేదు. తన కోసం ఒక్క మాట అనడేం అని అదివరకైతే ఆమె కష్టపెట్టుకునేది. ఆ రోజు కష్టపెట్టుకునే హక్కు ఎవరిదో తేలలేదు.

సాయంత్రం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నప్పుడు వదిన ఒక్కతే మాట్లాడింది. షెడ్డులో ఐసు ముక్కల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయాయి, కూరలో ఉప్పు ఎంత వేస్తున్నానో వేళ్లకు తెలియడం లేదని చెప్పింది. మీ అన్నకు నాలుకుంది కానీ చెప్పడు, నీకు చెప్పే నాలుకుంది కానీ తినవు, ఇంక నేను వండేది ఎవరికోసం అంది. ఆమె నవ్వి రెండు ముద్దలు తింది. సంచి గోడకు ఆనించి ఉంది. అన్నను అడగాలి. అడిగితే, కుట్టాను అంటాడు. అన్నాక ఆధారం ఇవ్వాలి. ఇస్తే యార్డులో ఏ ఓనరూ అన్న చేతికి కండె ఇవ్వడు. ఇవ్వకపోతే సోమవారం నిషేధం పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు. ఆమె చెయ్యి కడుక్కుని పడుకుంది.

గురువారం రెండు గూళ్లు, రెండు చావులు. రెండింటికీ 'తెలియదు' అని రాసింది. మొదటిసారి రాసినప్పుడు పెన్ను ఆగింది కదా, ఈసారి ఆగలేదు. అది చూసి ఆమెకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. బోట్లన్నీ సముద్రం మీదున్నాయి, షెడ్డుకు రొయ్యల రాక లేదు, అన్న, వదిన ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఆమె కాళ్ల మీద నీళ్లు పోసుకుని లోపలికి వచ్చేటప్పటికి అన్న గడపలో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. పట్టీ తెగిందని ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో తెగినదాని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనకు కనిపిస్తుంది. కుట్టడానికి వీలుగా సామాను ఒక్కొక్కటే బయటపెడుతున్నాడు. టేపు, కత్తెర, పుస్తకం, రంగు డబ్బా. వద్దు అన్నా అని ఆమె ఆపబోయింది. అప్పటికే కాగితం పొట్లం ఆయన చేతిలో ఉంది.

అన్న ముక్కను విప్పి మోకాలి మీద పరిచాడు. కళ్లజోడు ఎగదోసుకున్నాడు. ఎడమ బొటనవేలితో ముళ్లను ఒకటి, రెండు, మూడు అని తడిమాడు.

“ఇది నాది,” అన్నాడు.

ఆమె తడి కాళ్లతోనే వచ్చి గడప పక్కన కూర్చుంది.

“ఎక్కడ దొరికింది?”

“నాలుగో రాయి అవతల. నిన్న.”

“మరి నిన్ననే ఆఫీసులో ఎందుకివ్వలేదు?”

“నీది కాబట్టి.”

అన్న కోప్పడలేదు, తప్పించుకోనూ లేదు. సంజాయిషీ చెబుతున్నట్టు కాకుండా పని గురించి చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. కిటికీ కుట్టమని ఓనర్లు అంటే యార్డులో కాదనే మేస్త్రీ లేడు. తనూ కుట్టాడు. కానీ మిగతావాళ్లలా వేలెడు దూరంలో కుట్టలేదు. నాలుగు వేళ్ల ఎడం పెట్టి కుట్టాడు, పాత దారం వేశాడు. పైనుంచి చూసే ఓనరుకు కుట్టినట్టే ఉంటుంది. అంత బరువున్న జీవి వచ్చి తోస్తే దారం తెగుతుంది, అది బయటపడుతుంది. అలా అనుకున్నాడు. ఆరేళ్లుగా అలాగే కుడుతున్నాడు. ఈ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. చెల్లెలు పొద్దున్నే లెక్కకు వెళ్తుంటే, వీటిలో నావి ఉండవులే అనుకుని పడుకునేవాడు.

“తెగలేదా?” అని అడిగాడు చివరికి.

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది.

“తెగలేదన్నా. ఎడం పెట్టావు కదా, ఆ ఎడంలోంచి రెక్క దూరింది. దగ్గరగా కుట్టి ఉంటే వలలోనే అటూ ఇటూ కొట్టుకునేది, ఆలోగా వల పైకి లాగితే బతికేదేమో. నీ సందు చూసి దారి అనుకుంది. ఇక్కడిదాకా దూరింది.” ఆమె ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని, భుజం దగ్గర, చొక్కా కుట్టు మీద వేలు పెట్టి చూపించింది. “ఇంక వెనక్కి రాలేదు.”

అన్న ఆ చెయ్యి చాలాసేపు కదపలేదు.

వదిన వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి ముక్క లాక్కోబోయింది. అన్న ఇవ్వలేదు. పొయ్యిలో పడేస్తే పీడా పోతుందంది. ఎవరూ చూడలేదు, తాబేలు ఎలాగూ చచ్చింది, బతికున్నవాళ్ల సంగతి చూడమంది. ఆమె వైపు తిరిగి, “చచ్చిన తాబేలు వచ్చి మనకు కూడు పెడుతుందా అమ్మాయ్? ఇన్నాళ్లూ నువ్వు చేసింది మంచిపనే, కాదనలేదు. ఇంట్లో దీపం ఆర్పి ఊళ్లో వెలిగిస్తానంటే మాత్రం ఎలా?” అంది. తిట్టడానికి అన్నది కాదు. నువ్వు ఎలా అంటే అలా వదినా అంది ఆమె. నిజంగానే అంది. శుక్రవారం సంతకం పెట్టేసి, పుస్తకం అప్పగించి, ఇంక ఈ నడక మానేద్దామని నిన్నటినుంచీ ఆమె లోపల అనుకుంటూనే ఉంది.

అన్న పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు. చివరి మూడు గడుల దగ్గర ఆగాడు.

“తెలియదు అని రాశావా?”

“ఊఁ.”

“ఇది తప్పుడు లెక్క,” అన్నాడు. “ఓనరు అందరి ముందూ నిన్ను అంతమాట అంటే నేను నోరెత్తలేదు. ఎందుకో తెలుసా? మా చెల్లెలు లెక్క తప్పదు, వీడు అనుకుంటే ఎంత, అనుకోకపోతే ఎంత అని. ఇప్పుడు నా మూలంగా తప్పుతోంది.” పుస్తకం ఆమె ఒళ్లో పెట్టి పెన్ను చేతికిచ్చాడు. “ఆఫీసరుకు ఒక్క ముక్క ఇస్తే ఒక్క బోటు అంటాడు. ఒక్క మేస్త్రీ చేశాడని ఓనర్లంటారు. నేను కుట్టినవన్నీ చెబుతాను. ఏ బోటు, ఏ వారం, ఎవరు కుట్టమన్నారు. రాసుకో. రేపు నేనూ వస్తాను.”

“కాగితం మీద నీ పేరు రాయాల్సొస్తుంది అన్నా.”

“ముడే నా పేరు చెబుతుంటే నువ్వు రాయకపోతే ఆగుతుందా?”

వదిన గోడకు చేరగిలబడింది. ఆయన చెయ్యి ఆగితే నా చెయ్యి, నా చెయ్యి ఆగితే ఆయన చెయ్యి అనుకుని ఇన్నాళ్లూ బతికాం, రేపటినుంచి రెండూ ఒకేసారి ఆగుతాయి, ఇల్లు ఎలా నడుస్తుందో మీరిద్దరే చెప్పండి అంది. నీ షెడ్డు జోలికి రానులే, నీ పనికేం కాదు అన్నాడు అన్న. ఆవిడ లోపలికి వెళ్లి అంట్ల గిన్నెలు ముందేసుకుంది. గిన్నెల చప్పుడు మామూలుకంటే గట్టిగా వచ్చింది.

ఆమె పుస్తకం చివర తెల్ల పేజీ తెరిచింది. అన్న గోడ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. కాగితం మీద ఎక్కడా రాసుకున్న మనిషి కాదు, అయినా ఒక్కటీ తడుముకోలేదు. తొమ్మిదో నంబరు బోటు, పోయిన నెల మొదటి తనిఖీ అయిన మర్నాడు, ఓనరు కొడుకు వచ్చి కుట్టమన్నాడు. పద్నాలుగో నంబరు, అదే వారం, రెండు వలలు. ముప్పై ఒకటి, పాత బోటు, కిటికీ చట్రం తుప్పు పట్టి ఉంది, అయినా కుట్టమన్నారు. ఎడం ఎంత పెట్టాడో కూడా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఎడమ చేతి వేళ్లు నాలుగూ ఒకసారి దగ్గరకు చేర్చి చూసుకునేవాడు. ఆమె రాస్తూ పోయింది. ఆరు బోట్లయ్యాయి, ఎనిమిదయ్యాయి, పదకొండయ్యాయి. పదకొండో దాని దగ్గర అన్న ఆగి, అంతే అన్నాడు.

ఆమె పైనుంచి కిందికి ఒకసారి చదువుకుంది. జెట్టీ మీద ఏ బోటు పక్కన ఏ బోటు ఆగుతుందో ఆమెకు కంఠతా వచ్చు. ఒకటి లేదు. ఎందుకు లేదో కూడా తెలుసు. అన్న ముఖంలోకి చూసి, చూపు తిప్పుకుంది. ఆ ఒక్కటి ఆయనకు వదిలేయాలనే అనుకుంది. పేజీ కింద గీత గీయడానికి స్కేలు కోసం వెతికింది.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఇరవై రెండు రాయలేదు,” అంది వదిన, అక్కడినుంచే.

అన్న తల తిప్పాడు. “అది వద్దులే.”

“ఎందుకు వద్దు? నీలం బోటుకు కిందటి శుక్రవారం కుట్టావు. క్యారేజీ పట్టుకుని గంటసేపు పక్కన నిలబడింది నేనే. కుట్టమన్నది మా ఓనరే, నా చెవులతో విన్నాను.” వదిన తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏడ్చినట్టుంది, కానీ గొంతు మామూలుగానే ఉంది. “పదకొండు ఇళ్ల మీద రాసి, నా కూడు పెట్టేవాణ్ణి మాత్రం పక్కన పెడితే, రేపు ఆ షెడ్డులో కూర్చుని నేనెలా తినాలి? రాయి అమ్మాయ్.”

ఆమె అన్న వైపు చూసింది. అన్న కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుంటున్నాడు, కాదనలేదు. ఆమె పెన్ను ఒకసారి విదిలించి, పదకొండో దాని కింద ఇరవై రెండు అని రాసింది.